పాత హాలీవుడ్‌లో స్క్రీన్‌ప్లే రచయిత కెరీర్ ఎలా నడిచేది? టైటిల్స్‌లో పడిన పేరును ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫిల్మ్ స్టడీస్ పేపర్ కోసం 1930–60 మధ్య హాలీవుడ్‌లో పనిచేసిన ఒక రచయిత గురించి రాస్తున్నారు. ఒక్కో సినిమాకి ముగ్గురు నలుగురి పేర్లు కనిపిస్తున్నాయి. ఒక పుస్తకంలో ఉన్న పేరు ఇంకోదాంట్లో లేదు. మధ్యలో కొన్నేళ్ళు ఆ రచయిత పేరే ఎక్కడా లేదు. నిజంగా రాసింది ఎవరో ఎలా తేల్చుకోవాలి, వాళ్ళకి డబ్బు ఎలా వచ్చేది అని అడిగారు.

సూటిగా చెప్తాను. టైటిల్స్ చూసి కెరీర్ రాయకండి. స్టూడియోల కాలంలో రచయిత అంటే వారం జీతానికి పనిచేసే ఉద్యోగి. ఆయన రాసిన కాగితం మీద ఆయనకు హక్కు లేదు. రాసినదాంట్లో ఎక్కువ భాగం తెర దాకా రాదు, వచ్చినదాంట్లో చాలాచోట్ల పేరు పడదు, పేరు పడిన చోట వినిపించే మాటలు ఇంకొకరివి కావచ్చు. ఏ వారం ఏ స్టూడియో జీతమిచ్చింది, ఏ స్క్రిప్టు మీద కూర్చోబెట్టింది, ఎవరి డ్రాఫ్టు తర్వాత ఎవరి చేతికి అది వెళ్ళింది అన్నదే ఆ కెరీర్ అసలు చరిత్ర. అది దొరుకుతుంది. స్టూడియోలు కాగితాలు బాగా దాచుకున్నాయి.

ముందు ఒక మాట. మన సినిమాల్లో కథ, మాటలు, స్క్రీన్‌ప్లే మూడు వేరు పనులుగా, వేరు పేర్లతో పడతాయి. అదే లెక్క అక్కడ పెట్టుకుంటే తప్పు పోతారు. అక్కడ స్క్రీన్‌ప్లే అంటే సన్నివేశాల క్రమం, అందులో జరిగే పని, మాటలు అన్నీ కలిపి. ‘స్టోరీ’ అనేది వేరే క్రెడిట్. ఇవి కాక ‘అడాప్టేషన్’, ‘అడిషనల్ డైలాగ్’ అనే చిన్న క్రెడిట్లు ఆ రోజుల్లో ఉండేవి. ఆస్కార్‌లో కూడా స్టోరీకి వేరే బహుమతి 1956 సినిమాల వరకు ఉంది. అందుకే ఆ కాలపు రచయిత గురించి ‘ఆస్కార్ గెలిచాడు’ అని రాసేటప్పుడు ఏ విభాగంలో గెలిచాడో తప్పకుండా చూడండి.

కాంట్రాక్టు, జీతం

అందరికీ తెలిసిన నమూనా ఏడేళ్ళ ఆప్షన్ కాంట్రాక్టు. ఏడేళ్ళ ఉద్యోగం అనిపిస్తుంది గానీ కాదు. మొదట ఆరు నెలలకు ఒక జీతం. అది అయ్యాక ఇంకో ఆరు నెలలో ఏడాదో కొనసాగించే ఆప్షన్ స్టూడియోది, అప్పుడు జీతం ఒక మెట్టు పెరుగుతుంది. అలా ఏడేళ్ళ దాకా మెట్లు. ఏ మెట్టు దగ్గరైనా స్టూడియో వద్దనుకుంటే వదిలేయొచ్చు, రచయిత వద్దనుకుంటే మాత్రం బయటికి పోలేడు. ఇచ్చిన పని కాదంటే సస్పెన్షన్: జీతం ఆగుతుంది, ఆగిన ఆ కాలాన్ని కాంట్రాక్టు చివర కలుపుతారు. ఈ కలపడాన్ని 1944లో నటి ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ మీద వేసిన కేసులో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు కొట్టేసింది. ఏడేళ్ళంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్ళే అని తేల్చింది. నటి గెలిచిన కేసే అయినా, ఆ సూత్రం రచయితలకూ వర్తించింది.

రెండో మెలిక లేఆఫ్. ఏడాదికి 52 వారాలుంటే కాంట్రాక్టు 40 వారాల జీతానికే హామీ ఇచ్చేది, మిగతా 12 వారాలు జీతం లేని సెలవు. వారానికి 500 డాలర్లంటే చాలామంది ఏడాదికి 26,000 అని లెక్క కడతారు. 40 వారాలకు వచ్చేది 20,000. అందులో ఏజెంటుకు పది శాతం పోతే 18,000 మిగులుతుంది. జీవిత చరిత్రల్లో కనిపించే పెద్ద అంకెల్ని ఇలా విప్పి చూడాలి. అలాగే స్టూడియో తన రచయితను ఇంకో స్టూడియోకి అరువు ఇచ్చి, జీతం కన్నా ఎక్కువ వసూలు చేసుకునేది. ఆ పై డబ్బు రచయితకు రాదు. పేరు ఒక స్టూడియో సినిమాలో పడినంత మాత్రాన ఆ స్టూడియో ఉద్యోగి అని రాయకండి.

నిజమైన అంకెలు కొన్ని. నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్ 1937 జూలైలో ఎమ్‌జీఎమ్ స్టూడియోలో చేరాడు. ఆరు నెలలు వారానికి 1,000 డాలర్లు, ఆప్షన్ తీసుకున్నాక ఏడాది పాటు 1,250. సుమారు ఏడాదిన్నరలో అరడజను స్క్రిప్టుల మీద పనిచేశాడు. తెర మీద పేరు పడింది ఒక్కదానికే, 1938లో వచ్చిన ‘త్రీ కామ్రేడ్స్’కి. అందులోనూ తోటి రచయిత పేరు కలిసింది, నిర్మాత జోసెఫ్ మాంకీవిచ్ ఆయన రాసిన మాటల్ని తిరగరాశాడు. ఇంకో స్క్రిప్టు సెన్సార్ అడ్డంకితో అటకెక్కింది. తెర మీద పేర్లే లెక్కేస్తే ఆ ఏడాదిన్నర దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. కానీ ఆయన రోజూ ఆఫీసుకు వెళ్ళి రాస్తూనే ఉన్నాడు.

విలియం ఫాక్నర్ 1932లో ఎమ్‌జీఎమ్‌కి వచ్చినప్పుడు వారానికి 500. పదేళ్ళ తర్వాత, 1942లో, వార్నర్‌తో సంతకం చేసినప్పుడు 300. అప్పటికి ఆయన పెద్ద నవలలు చాలావరకు అచ్చయ్యాయి. ఆ సాహిత్య గౌరవానికి స్టూడియో జీతాల పట్టీలో విలువ లేదు. డిటెక్టివ్ నవలల రచయిత రేమండ్ చాండ్లర్ 1943లో పారమౌంట్‌కి ‘డబుల్ ఇండెమ్నిటీ’ రాయడానికి వచ్చినప్పుడు 13 వారాలకు, వారానికి 750. బాగా నడుస్తున్న కాలంలో డాల్టన్ ట్రంబో ఎమ్‌జీఎమ్‌లో వారానికి 3,000, లేదా స్క్రిప్టుకి 75,000 తీసుకున్నాడు. ఈ తేడా ప్రతిభ వల్ల వచ్చింది కాదు. మొన్నటి సినిమా ఎంత ఆడింది, ఏజెంటు ఎవరు, ఇప్పుడు ఏ నిర్మాత అడుగుతున్నాడు, ఈ మూడింటి మీద రేటు నిలబడేది.

హక్కుల విషయం ఒక్క ముక్కలో తేలిపోతుంది. 1909 అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం జీతమిచ్చి రాయించుకున్న రచనకు జీతమిచ్చినవాడే చట్టరీత్యా రచయిత. ‘సిటిజెన్ కేన్’ కోసం హెర్మన్ మాంకీవిచ్ 1940లో దర్శకుడు ఆర్సన్ వెల్స్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఇదే ఉంది: వారానికి 1,000, స్క్రిప్టు అప్పగించాక 5,000 బోనస్, రచయితగా లెక్కలోకి వచ్చేది కంపెనీయే. ఆయన పేరు టైటిల్స్‌లో పడిందంటే అది చట్టం ఇచ్చిన హక్కు కాదు, పట్టుబట్టి తెచ్చుకున్నది. ఆ సినిమాకి వచ్చిన ఏకైక ఆస్కార్ చివరికి ఆ స్క్రీన్‌ప్లేకే, మాంకీవిచ్, వెల్స్ ఇద్దరి పేర్ల మీదా.

లోపలికి వచ్చే దార్లు

శబ్దం వచ్చాక మాటలు రాయగలవాళ్ళు కావలసొచ్చారు. న్యూయార్క్ నాటకరంగం, షికాగో పత్రికలు ఆ కొరత తీర్చాయి. బెన్ హెక్ట్ పత్రికల నుంచి వచ్చినవాడు. మొట్టమొదటి ఆస్కార్‌లలో ఒరిజినల్ స్టోరీ బహుమతి ఆయనదే. అంతకుముందు, మూకీల కాలంలో, ఈ పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. అనీటా లూస్ 1912 నుంచే దర్శకుడు గ్రిఫిత్ సినిమాలకు రాసింది. ఫ్రాన్సెస్ మేరియన్ టాకీల్లోకి కూడా దూకి ‘ద బిగ్ హౌస్’కీ, ‘ద చాంప్’కీ రెండు ఆస్కార్‌లు తీసుకుంది. మీరు ఎంచుకున్న రచయిత మూకీల నుంచి వచ్చినవారైతే ‘సినారియో’, ‘కంటిన్యుటీ’, ‘టైటిల్స్’ అనే క్రెడిట్లు కనిపిస్తాయి. అక్కడ ‘టైటిల్స్’ అంటే షాట్ల మధ్య తెర మీద వేసే మాటల అట్టలు రాయడం. చాలామంది దీన్ని గ్రాఫిక్స్ పని అనుకుని వదిలేస్తారు. మూకీకి మాటల రచయిత ఎవరంటే ఆ మనిషే.

బయటి పేరు లేనివాళ్ళకు దారి రీడింగ్ డిపార్ట్‌మెంట్. నవలలు, నాటకాలు, పత్రిక కథలు చదివి రెండు మూడు పేజీల సారాంశం, ఒక అభిప్రాయం రాసివ్వడం. ట్రంబో లాస్ ఏంజలిస్‌లో ఒక బేకరీలో ఎనిమిది తొమ్మిదేళ్ళు రాత్రి షిఫ్టు చేసి, 1934లో వార్నర్‌లో రీడర్‌గా చేరాడు. మరుసటి ఏడాది అక్కడే బి-సినిమాల యూనిట్లో జూనియర్ రచయిత అయ్యాడు. ఆ యూనిట్లే అసలు బడి. తక్కువ బడ్జెట్, కొద్ది వారాల గడువు, సిద్ధంగా ఉన్న సెట్లను వాడుకుంటూ రాయాలి.

స్క్రిప్టు చేతులు మారే విధానం: ఒక్క సినిమాను దగ్గరగా చూస్తే

‘కాసాబ్లాంకా’ కాగితాలు బాగా మిగిలాయి కాబట్టి దాన్నే తీసుకుందాం. మర్రే బర్నెట్, జోన్ ఆలిసన్ రాసిన ఒక నాటకం వార్నర్ రీడర్ స్టీఫెన్ కార్నాట్ బల్ల మీదికి వచ్చింది. అది స్టూడియోకి చేరింది 1941 డిసెంబర్ 8న, అంటే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన మర్నాడు. కథల విభాగం చూసే ఐరీన్ లీ పైకి సిఫారసు చేసింది. నెల తిరక్కుండా నిర్మాత హాల్ వాలిస్ పేరు మార్చాడు, జనవరిలో 20,000 డాలర్లకు కొన్నారు. అప్పటికి ఆ నాటకం ఒక్కసారి కూడా రంగం మీద ఆడలేదు. ఆడని నాటకానికి అది పెద్ద మొత్తం.

మొదట ఈనియస్ మెకెంజీ, వాలీ క్లైన్‌లకు ఇచ్చారు. కొన్ని వారాలు రాశారు, అది పక్కనపడింది. తర్వాత జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టీన్ అనే కవల సోదరులు. వాళ్ళు మధ్యలో ఫ్రాంక్ కాప్రా యుద్ధ చిత్రాల పనికి వాషింగ్టన్ వెళ్తే హోవర్డ్ కోచ్‌ను కూర్చోబెట్టారు. సోదరులు తిరిగొచ్చి వాళ్ళ పని వాళ్ళు, కోచ్ పని కోచ్, విడివిడిగా సాగించారు. షూటింగ్ మొదలయ్యే ముందు ప్రేమకథ భాగం సరిచేయడానికి కేసీ రాబిన్సన్‌ను పిలిచారు. 1942 మే 25న కెమెరా తిరిగేటప్పటికి స్క్రిప్టు పూర్తి కాలేదు. పేజీలు షూటింగ్‌తోపాటే వస్తున్నాయి. ఆగస్టు 3న షూటింగ్ ముగిశాక ఆఖరి మాటను వాలిస్ స్వయంగా రాసి, హంఫ్రీ బోగార్ట్‌ను పిలిపించి రికార్డు చేసి అతికించాడు. స్నేహం మొదలవడం గురించిన ఆ వాక్యం సినిమా చూసిన ప్రతివాడికీ గుర్తుంటుంది. అది ఏ రచయిత డ్రాఫ్టులోనూ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. నాటకం ఇద్దరిది, పక్కనపెట్టిన డ్రాఫ్టు ఇద్దరిది, తర్వాత ఇద్దరు సోదరులు, కోచ్, రాబిన్సన్, నిర్మాత. మొత్తం తొమ్మిది మంది చేయి పడింది. టైటిల్స్‌లో స్క్రీన్‌ప్లేకి మూడు పేర్లు, నాటకానికి రెండు. ఆస్కార్ ఆ మూడు పేర్లకే. రాబిన్సన్ ఆ రోజుల్లో పేరు పంచుకోవడం ఇష్టం లేదని తన పేరు వద్దన్నాడు, తర్వాత దాని గురించి బాధపడ్డాడు. ‘పేరు లేదు కాబట్టి పని లేదు’ అనుకోకూడదని అంటున్నది ఇందుకే.

ఇందులోనే సెన్సార్ ఎలా పనిచేసేదో కూడా కనిపిస్తుంది. 1934 జూలై నుంచి జోసెఫ్ బ్రీన్ నడిపిన ప్రొడక్షన్ కోడ్ (సినిమాల నీతి నియమావళి) ఆఫీసు సర్టిఫికెట్ లేకుండా పెద్ద స్టూడియోల సినిమా విడుదల కాదు, చేస్తే 25,000 డాలర్ల జరిమానా. మనకు సినిమా తీశాక సెన్సార్. అక్కడ స్క్రిప్టు దశలోనే, షూటింగ్‌కి ముందే. స్క్రిప్టు పంపితే ఏ మాట తీసేయాలో, ఏ సన్నివేశం కుదరదో వరుసగా ఉత్తరం వస్తుంది. రచయిత మార్చి మళ్ళీ పంపాలి.

‘కాసాబ్లాంకా’ నాయిక ఇల్సా రాత్రి తన పాత ప్రియుడు రిక్ గదికి వచ్చి, తుపాకీ చూపించి, చివరికి అతని చేతుల్లో వాలిపోయే సన్నివేశం గుర్తుందా? వాళ్ళిద్దరి మధ్య ఆ రాత్రి ఏదో జరిగిందన్న సూచన వస్తోందని బ్రీన్ అభ్యంతరం. ఆయన చెప్పిన మార్పు చిన్నది. స్క్రిప్టులో అక్కడ ఫేడ్ అవుట్ ఉంది, దాన్ని డిజాల్వ్‌గా మార్చండి, తర్వాతి షాట్లో మంచం గానీ సోఫా గానీ కనబడకూడదు. తెర నల్లబడితే గంటలు గడిచాయని ప్రేక్షకుడు అనుకుంటాడు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ కరిగితే కాసేపే అయిందని అనుకుంటాడు. సినిమాలో ఆ చోట విమానాశ్రయం టవర్ మీద తిరిగే దీపం కొద్ది సెకన్లు కనిపించి, వెంటనే రిక్ కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. ఆ నాలుగు సెకన్లు ఎవరి రచన? ఇలాంటివి స్క్రిప్టు డ్రాఫ్టుల్లో కన్నా కోడ్ ఆఫీసు ఉత్తరాల్లోనే తేలుతాయి. అలాగే వీసా కోసం వచ్చిన ఆడవాళ్ళ దగ్గర కెప్టెన్ రెనో ఏం ఆశిస్తాడో నేరుగా చెప్పే మాటల్ని కూడా పల్చన చేయించారు. ముగింపులో పెళ్ళైన స్త్రీ భర్తను వదిలి ప్రియుడితో ఉండిపోవడం కోడ్ కింద కుదరదు. ముగింపు ఎటు తిరగాలన్నది అందుకే చాలావరకు ముందే తేలిపోయింది.

ఇంకో పద్ధతి ‘ద బిగ్ స్లీప్’లో చూడొచ్చు. లీ బ్రాకెట్ రాసిన ఒక నవల చదివి, రాసింది మగవాడనుకుని దర్శకుడు హోవర్డ్ హాక్స్ పిలిపిస్తే, వచ్చింది ఇరవైల్లో ఉన్న అమ్మాయి. ఫాక్నర్, ఆమె చాండ్లర్ నవలను ముందేసుకుని అధ్యాయాలు పంచుకున్నారు: ఇవి నీవి, ఇవి నావి. ఎవరి గదిలో వాళ్ళు రాశారు, ఒకరిది ఒకరు చూడలేదు. తర్వాత జూల్స్ ఫర్త్‌మన్ వచ్చి బిగించాడు. ఒకే వాక్యంలో ఇద్దరి గొంతూ వెతికే విమర్శ ఈ సినిమా విషయంలో పనికిరాదు. ఏ సన్నివేశం నవలలో ఏ అధ్యాయం నుంచి వచ్చిందో ముందు గుర్తించాలి.

ఇలా చేతులు మారడంలో చివరి మెట్టు ‘గాన్ విత్ ద విండ్’. నిర్మాత సెల్జ్‌నిక్ డజను మందికి పైగా రచయితల్ని మార్చాడు, ఫిట్జెరాల్డ్ కూడా అందులో కొద్ది రోజులు ఉన్నాడు. 1939 ఫిబ్రవరిలో షూటింగ్ ఆపేసి బెన్ హెక్ట్‌ను కూర్చోబెడితే, ఆయన సిడ్నీ హోవర్డ్ రాసిన మొదటి డ్రాఫ్టే మేలని చెప్పి దాన్ని పట్టుకునే సరిచేశాడు. తెర మీద ఒకే పేరు, హోవర్డ్‌ది. ఆయన ఆ ఆగస్టులో మాసచూసెట్స్‌లోని తన పొలంలో ట్రాక్టర్ ప్రమాదంలో చనిపోయాడు. చనిపోయాక ఆస్కార్ అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

పేరు ఎవరు తేల్చేవారు

1941–42 ముందు ఈ ప్రశ్నకు జవాబు: స్టూడియో. నిర్మాత బంధువుకైనా వేయొచ్చు, అసలు రాసినవాడిది తీసేయొచ్చు. 1933 మార్చిలో బ్యాంకులు మూతపడినప్పుడు స్టూడియోలు ఎనిమిది వారాలు సగం జీతం కోత పెట్టాయి. ఆ దెబ్బతో అదే ఏడాది స్క్రీన్ రైటర్స్ గిల్డ్ యూనియన్‌గా నిలబడింది. మొదటి అధ్యక్షుడు జాన్ హోవర్డ్ లాసన్. 1936లో స్టూడియోలు తమకు అనుకూలమైన స్క్రీన్ ప్లేరైట్స్ అనే పోటీ సంఘాన్ని ఎగదోశాయి, గిల్డ్ దాదాపు కూలిపోయింది. 1938లో లేబర్ బోర్డు సినిమా రచయితలు ఉద్యోగులే అని తేల్చి ఎన్నిక పెడితే గిల్డ్ పెద్ద తేడాతో గెలిచింది. అయినా మొదటి ఒప్పందం 1942కి గానీ సంతకం కాలేదు. కనీస జీతం వారానికి 125 డాలర్లు, దానికన్నా ముఖ్యంగా క్రెడిట్ తేల్చే అధికారం గిల్డ్‌కి వచ్చింది.

అప్పటినుంచి పద్ధతి ఇది. సినిమా పూర్తయ్యాక స్టూడియో తాను వేయదలచిన పేర్లను ఆ స్క్రిప్టు మీద పనిచేసిన రచయితలందరికీ పంపాలి. ఎవరైనా అభ్యంతరం చెప్తే గిల్డ్ సభ్యులు ముగ్గురు డ్రాఫ్టులన్నీ చదివి తీర్పు చెప్తారు. ఆ ముగ్గురెవరో బయటికి చెప్పరు. మీ పేపర్‌కి దీని అర్థం: 1942 ముందు క్రెడిట్, తర్వాత క్రెడిట్ ఒకే బరువున్న సాక్ష్యాలు కావు. రెంటినీ ఒకే పట్టికలో కలిపి లెక్కేస్తే ఫలితం తప్పుతుంది. తర్వాతదాంట్లో కూడా మాట మెరుగులు దిద్దినవాళ్ళు, మన ఘోస్ట్ రైటర్లలాగే, బయటే ఉంటారు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, తర్వాతి జీతం దాని మీదే. సినిమా మళ్ళీ మళ్ళీ ఆడినా రచయితకు పైసా రాదు. సినిమాల్ని టీవీకి అమ్మినప్పుడు వాటా కావాలని 1960లో జనవరి నుంచి జూన్ దాకా సమ్మె చేసి గెలిచారు. ఆ ఒప్పందం ముందు తీసిన పాత సినిమాల రచయితలకు ఆ వాటా అందలేదు.

దీన్నించి బయటపడాలనుకున్నవాళ్ళు దర్శకులయ్యారు. ప్రెస్టన్ స్టర్జెస్ 1940లో ‘ద గ్రేట్ మెగింటీ’ స్క్రిప్టును తానే దర్శకత్వం చేయాలన్న షరతు మీద పారమౌంట్‌కి నామమాత్రపు ధరకు ఇచ్చేశాడు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి మొదటిసారి ఇచ్చిన ఆస్కార్ దానికే వచ్చింది. మరుసటి ఏడాది జాన్ హ్యూస్టన్ ‘ద మాల్టీస్ ఫాల్కన్’తో అదే దారి పట్టాడు. బిల్లీ వైల్డర్, జోసెఫ్ మాంకీవిచ్ కూడా. మీ రచయిత 1940ల మధ్యలో దర్శకత్వానికో నిర్మాణానికో మారితే దాన్ని పదవి పెరగడం అని మాత్రమే రాయకండి. రాసింది మారకుండా కాపాడుకోవడానికి ఉన్న ఒకే గట్టి దారి అది.

మధ్యలో పేరు మాయమైన ఏళ్ళు

మీ రచయిత పేరు 1950 ప్రాంతంలో మాయమై 1960 ప్రాంతంలో మళ్ళీ కనిపిస్తే ముందుగా చూడాల్సింది బ్లాక్‌లిస్ట్. 1947 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం గురించి జవాబు చెప్పడానికి నిరాకరించిన పదిమందిలో ఎక్కువమంది రచయితలే. నవంబర్‌లో స్టూడియో అధిపతులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో కూడి వాళ్ళకు పనివ్వమని ప్రకటించారు. 1950లో జైలు. తర్వాతి విచారణల్లో ఈ జాబితా వందల్లోకి పెరిగింది. 1952లో ఆర్‌కేవో స్టూడియో అధిపతి హోవర్డ్ హ్యూస్ ‘ద లాస్ వేగస్ స్టోరీ’ నుంచి పాల్ జారికో పేరు తీసేశాడు. గిల్డ్ కోర్టుకెళ్ళి ఓడిపోయింది. ఆ తర్వాత అలాంటివాళ్ళ పేరు తీసేయొచ్చని ఒప్పందంలోనే రాసుకున్నారు. పదేళ్ళు పోరాడి తెచ్చుకున్న క్రెడిట్ హక్కును గిల్డ్ తన చేత్తోనే వదులుకోవడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

అయినా రాత ఆగలేదు. రెండు దార్లు: దొంగ పేరు, లేదా ఫ్రంట్. ఫ్రంట్ అంటే బ్లాక్‌లిస్టులో లేని ఇంకో మనిషి స్క్రిప్టు తనదేనని స్టూడియోకి ఇవ్వడం. ఇది వినడానికి తేలిక, నడపడం కష్టం. మార్పుల కోసం పిలిస్తే మీటింగ్‌లో కూర్చునేది ఫ్రంట్, తాను రాయని సన్నివేశం గురించి అక్కడికక్కడ జవాబు చెప్పాలి. చెక్కు ఫ్రంట్ పేరున వస్తుంది కాబట్టి ఆదాయపు పన్ను కూడా ఫ్రంట్ మీదే పడుతుంది, అది తీసేసి మిగతాది అసలు మనిషికి ఇవ్వాలి. రేటు కూలిపోయింది. ఆ పదిమందిలో ఒకడైన ట్రంబో, ఒకప్పుడు స్క్రిప్టుకి 75,000 తీసుకున్నవాడు, ‘గన్ క్రేజీ’కి 3,750కి రాశాడు, పేరు మిల్లార్డ్ కాఫ్‌మన్‌ది పడింది.

ట్రంబో రాసిన ‘రోమన్ హాలిడే’ కథకు 1953 ఆస్కార్ ఆయన స్నేహితుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరు మీద వచ్చింది. ట్రంబోయే రాసిన ‘ద బ్రేవ్ వన్’కి వచ్చినది రాబర్ట్ రిచ్ అనే దొంగ పేరుకి. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ స్క్రీన్‌ప్లేకి బహుమతి తీసుకున్నది ఫ్రెంచి నవలాకారుడు పియేర్ బూల్, రాసినవాళ్ళు కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్. విల్సన్ రాసిన ‘ఫ్రెండ్లీ పర్సుయేషన్’ 1956లో రచయిత పేరే లేకుండా విడుదలైంది. 1960లో ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ రెండింటి మీదా ట్రంబో పేరు పడ్డాక గోడ పగిలింది. అందరికీ ఒకేసారి కాదు, కొందరికి ఇంకా ఏళ్ళు పట్టింది.

మీరు చేయాల్సిన పని, వరుసగా

మొదట ఒక పట్టిక వేసుకోండి: తేదీ, స్టూడియో, స్క్రిప్టు పేరు, ఆ రచయిత ఎన్నో వరుసలో వచ్చాడు, క్రెడిట్ పడిందా. విడుదల సంవత్సరం కాదు, రాసిన తేదీ ముఖ్యం. ‘కాసాబ్లాంకా’ని కొన్ని జాబితాలు 1942 అంటాయి, ఆస్కార్ లెక్కలో అది 1943 సినిమా. ఈ ఒక్క తేడాతో కెరీర్ కాలక్రమం తారుమారవుతుంది.

తర్వాత అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కేటలాగ్ ఆన్‌లైన్‌లో చూడండి. ప్రతి సినిమా కింద ఉండే నోట్స్‌లో పత్రికల్లో వచ్చిన నియామకాలు, క్రెడిట్ లేని రచయితల పేర్లు ఆధారంతో ఇస్తారు. ఐఎమ్‌డీబీలో ‘అన్‌క్రెడిటెడ్’ అని కనిపించేవి దారి చూపించే గుర్తులే, సాక్ష్యం కాదు. మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీలో ఆనాటి సినిమా పత్రికలు ఉచితంగా చదవొచ్చు. ఎవర్ని ఏ స్క్రిప్టు మీద వేశారన్న చిన్న వార్తలు వెనక పేజీల్లో ఉంటాయి.

అసలు కాగితాలకు: వార్నర్ ఫైళ్ళు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో, కోడ్ ఆఫీసు ఉత్తరాలు బెవర్లీ హిల్స్‌లోని మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో, సెల్జ్‌నిక్ కాగితాలు ఆస్టిన్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్లో, హెక్ట్‌వి షికాగో న్యూబెరీ లైబ్రరీలో, ట్రంబోవి మాడిసన్‌లోని విస్కాన్సిన్ సంగ్రహంలో ఉన్నాయి. ఇండియా నుంచి వెళ్ళడం కుదరకపోతే ముందు ఆ సంగ్రహాల ఫైళ్ళ జాబితా ఆన్‌లైన్‌లో చూసి, బాక్సు నంబరు, ఫోల్డరు నంబరు రాసి మెయిల్ చేయండి. ‘ఫలానా సినిమా గురించి ఏమున్నా పంపండి’ అంటే పని జరగదు.

డ్రాఫ్టు దొరికితే కవర్ మీది పేరు కన్నా లోపలి పేజీల తేదీలు చూడండి. మార్చిన పేజీలు రంగు కాగితం మీద, ఆ రోజు తేదీతో మధ్యలో దూర్చేవారు. కవర్ మీద ఒకరి పేరు, పేజీ మీద ఆయన ఉద్యోగం మానేసిన తర్వాతి తేదీ ఉంటే ఆ పేజీ ఆయనది కాదు.

ఆత్మకథల్ని ఆఖర్న చదవండి. ‘కాసాబ్లాంకా’ గురించి ఎప్‌స్టీన్ సోదరుల మాట, కోచ్ మాట ఏళ్ళ తరబడి పొసగలేదు. హెక్ట్ తన గురించి రాసుకున్నవి చదవడానికి బాగుంటాయి, అంకెల దగ్గర ఆయన మాట ఒక్కటే ఆధారంగా పెట్టుకోవద్దు. రెండు జ్ఞాపకాలు తేడా పడితే తేదీ ఉన్న కాగితం వైపు నిలబడండి.

ఇంకొకటి. గిల్డ్ 1990ల నుంచి బ్లాక్‌లిస్ట్ కాలపు క్రెడిట్లను సరిదిద్దుతూ వచ్చింది. ‘రోమన్ హాలిడే’ స్క్రీన్‌ప్లేలో ట్రంబో పేరు అధికారికంగా చేరింది 2011లో. పాత ప్రింటులో, కొత్త డిస్కులో, స్ట్రీమింగ్‌లో టైటిల్స్ వేరువేరుగా ఉండొచ్చు. అందుకే ఏ సినిమా గురించి రాసినా మీరు చూసింది ఏ ప్రింటో, ఏ సంవత్సరం విడుదలో ఫుట్‌నోట్‌లో వేయండి.